మా మందిరంలో జామాయిల్ మొద్దు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ ఊరికే పడి ఉండేది కాదు. దేన్ని చూసినా నాన్నకు అందులో ఒక పాఠం కనిపించేది. జూలూరుపాడు దాటి అడవి వైపు తిరిగితే వచ్చే మా ఊళ్లో ఆయన జామాయిల్ తోటలు నరికే కూలీలకు మేస్త్రి. పాస్టరు అయ్యగారు కొత్తగూడెం నుంచి నెలకొకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు మా రేకుల మందిరంలో వాక్యం చెప్పే పని నాన్నదే కాబట్టి వారమంతా పాఠాలు ఏరుకుంటూ తిరిగేవాడు. చూరులో పాము కుబుసం కనపడి మేమంతా కర్రల కోసం పరిగెడుతుంటే, ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని పాత స్వభావం విడిచిపెట్టడం గురించి మొదలుపెట్టేవాడు. (విడిచిన పాము ఇంకా ఇంట్లోనే ఉండొచ్చన్న సంగతి ఆయనకు తట్టేది కాదు.) ఊరంతా ఆయన్ని పాఠం మామ అనేది. ఒకసారి జామాయిల్ బెరడు పట్టుకొచ్చి, చెట్టు కూడా పాత తోలు రాల్చుకుంటుంది, మనుషులే రాల్చుకోరు అని చెబుతుంటే, అమ్మ అన్నం వడ్డిస్తూ, "గట్లనే నువ్వు గూడ ఆ అంగీ ఇడువు, ఉతికి ఆరేస్త" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నాన్నే.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, వానాకాలంలో, అమ్మ జ్వరంతో ఖమ్మం దవాఖానాకు వెళ్లింది. ఆటో ఎక్కి కూర్చున్నాక కూడా, బట్టలు ఆరలేదు, లోపల తీగ మీద వెయ్యమని నాకు చెప్పింది. తిరిగి ప్రాణంతో రాలేదు. ఆ తరవాత నాన్న పనికి పోయేవాడు, వచ్చేవాడు, నానమ్మ పెట్టింది తినేవాడు. మందిరం వైపు మాత్రం పోలేదు. అక్కడ జనం రెండు పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకుని, వాక్యం లేకుండానే లేచిపోయేవారు. క్రమంగా వచ్చేవాళ్లు తగ్గారు. నాన్న స్నేహితుడు ట్రాలీ ఆటో చాచా రోజూ సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. చీకటి పడ్డాక లేచి వెళ్లేవాడు.

ఇన్నాళ్లూ పాఠం మొదలవగానే తలనొప్పని తప్పించుకున్న మేమే, ఇప్పుడు ఆయనకు పాఠాలు మోసుకురావడం మొదలుపెట్టాం. నానమ్మ పెరట్లో పగిలిన కుండలో మొలిచిన టమాట మొక్కను చూపించింది. "అవ్" అన్నాడు, అంతే. పొదిగిన గుడ్లన్నీ మురిగిపోయినా మళ్లీ గుడ్లు పెట్టిన కోడిని నేను చంకన పెట్టుకుని వచ్చాను. (అది నా లంగాఓణీ మీద తన అభిప్రాయం వదిలి వెళ్లింది.) నాన్న నా వైపు చూసి, స్నానం చేయమన్నాడు.

ఎండలు మొదలయ్యాక, కాలేజీ నుంచి వస్తూ ఒక చేని గట్టున జామాయిల్ మొద్దు చూశాను. యంత్రంతో వేర్లతో సహా పెకలించి పారేసింది. అయినా పక్క నుంచి ఎర్రటి లేత చిగురు వేసింది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పరుగున వచ్చి చెప్పాను. నాన్న గొడ్డలి నూరుతూ తల ఎత్తకుండా అన్నాడు, "అది చెట్టు బిడ్డా. చెట్టు చిగురేస్తది. మీ అమ్మ చెట్టా?"

నానమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాకు ఏడుపు వచ్చింది గానీ, మొండితనం అంతకంటే ఎక్కువ వచ్చింది. చెవులతో విన్నాడే గానీ చూడలేదు కాబట్టి అలా అన్నాడు, కళ్లారా చూస్తే అనడు అనుకున్నాను. ఈస్టరు పండక్కి అయ్యగారు వేరే ఊళ్లో ఉంటారని తెలిసి, వాక్యం నేను చెబుతానన్నాను. చాచాను బతిమాలితే ఆ మొద్దును ట్రాలీలో వేసుకొచ్చి మందిరంలో బల్ల పక్కన దించాడు. పిల్ల అందరి ముందూ నిలబడుతోంది, ఒక్కసారి వచ్చి కూర్చోమని నానమ్మ నాన్నను పట్టుబట్టి తీసుకొచ్చింది. ఆయన గడ్డం కూడా గీసుకోకుండా వచ్చి, తలుపు దగ్గర చాప మీద కూర్చున్నాడు.

నేను మొదలుపెట్టాను. నరికేశారు, పెకలించారు, ఎండలో పారేశారు, అయినా జీవం ఆగిందా అని అడిగాను. ముందు వరసలో ఒక అవ్వ "స్తోత్రం" అంది గట్టిగా. పక్కావిడ ఇంకా గట్టిగా అంది. ఒకరు మోకాళ్ల మీద లేచారు, ఇంకొకరు చేతులు విదిలించారు, ఒక చిన్నపిల్ల ఏడ్చింది. అడవిలోని గూడెం నుంచి వచ్చిన ఆడవాళ్లు తమ భాషలో ఏదో అరుచుకుంటూ నిలబడ్డారు. నా వాక్యం ఇంతగా పనిచేస్తుందని నేనే అనుకోలేదు. గొంతు పెంచాను. అప్పుడు నా పిక్క మీద నిప్పు పెట్టినట్టయింది. కిందికి చూస్తే మొద్దు తొర్రలోంచి ఎర్రచీమలు బారులు తీరి సంఘం మీదికి వస్తున్నాయి.

ఆ గందరగోళంలో తలుపు దగ్గర నుంచి ఒక నవ్వు వినిపించింది. నాన్న కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ చప్పుడు విని ఎన్ని నెలలైందో. చూస్తుండగానే ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది. అమ్మకు మట్టి ఇచ్చిన రోజు కూడా ఏడవని మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నానమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. జనం చీమలు దులుపుకుంటూనే చుట్టూ నిలబడ్డారు.

కాసేపటికి ఆయనే లేచి, మొద్దును రెండు చేతులా ఎత్తి బయటికి మోశాడు. నేను వెనకాలే వెళ్లాను. ముంజేతుల నిండా చీమలే.

"ముందుగాల తొర్ర సూసుకోవాలె బిడ్డా" అన్నాడు వాటిని దులుపుకుంటూ. "మీ అమ్మ ఉంటే నాకంటే ఎక్కువ నవ్వేది." అమ్మ పోయాక, ఆమె గురించి ఆయన మామూలుగా మాట్లాడటం అదే మొదలు. మొద్దును గోడ వారకు జరిపి మళ్లీ అన్నాడు. "ఆమె మల్ల రాదు, గది నాకు ఎర్కే. చిగురెయ్యాల్సింది నేనేనేమో. చాతనైతలేదు."

తరవాతి ఆదివారం ఆయన మందిరానికి వచ్చాడు గానీ మాట్లాడలేదు. వానలు పడ్డాక మాట్లాడాడు, కొంచెమే. మధ్యలో ఆగి, "గిది నాకింక సమజ్ కాలె" అని కూర్చున్నాడు. ఇప్పటికీ వాక్యం ఆయనే చెబుతాడు, ఇప్పటికీ అలా ఆగిపోతుంటాడు.

నేను ఇప్పుడు పాల్వంచలో ఒక దవాఖానాలో నర్సును. అప్పుడప్పుడు ఎవరి మనిషో పోయి, వాళ్లు వరండాలో కూలబడతారు. మంచినీళ్లు ఇచ్చి, డ్యూటీ ఒప్పుకుంటే పక్కన కాసేపు కూర్చుంటాను. అప్పుడు రెండు జడలతో, కాళ్లకు చీమలు పాకుతున్నా తెలియకుండా గొంతు చించుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. చావుకు జవాబు ట్రాలీ ఆటోలో తెప్పించవచ్చని నమ్మింది. ఒక్కోసారి ఆమె నమ్మకాన్ని తలుచుకుంటే కాస్త అసూయగానే ఉంటుంది.