తలుపు వెనక కొలత

నా భార్య పోయి ఇరవై రెండు రోజులయింది. జ్వరం నాలుగో రోజున కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే, కారులో, ఊపిరి ఆగింది. ఇంటికి తెచ్చాక చూడవచ్చినవాళ్ళు నెమ్మదస్తురాలు అన్నారు. గొడ్రాలిగా పోయింది అన్నారు. మొదటిది అబద్ధం. ఆమె గురించి చెప్పవలసిన నిజం ఒకటి ఉంది. పన్నెండేళ్ళ కాపురంలో అది నలుగురిలో చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది బనగానపల్లె దగ్గర పల్లె. నేను, మా అన్న ఉమ్మడిగా ఉంటాం. పెత్తనం అన్నది. నేను అనంతపురంలో బి.ఏ. చదివి వచ్చి సేద్యమే చేశాను. మా నాయన నాటి పాత తుపాకి ఒకటి ఇంట్లో ఉంది, లైసెన్సుతో. వేరుశనగ చేలో అడవిపందులు పడతాయి కనుక అది లేకపోతే జరగదు. ఆ తుపాకికి సరిపడే తూటాలు బజారులో దొరకడం మానేశాయి. కాల్చిన తూటాల డొప్పలనే మళ్ళీ నింపుకొని, సీసం కరిగించి గుండ్లు ఇంట్లోనే పోసుకునేవాళ్ళం. అచ్చులోంచి వచ్చిన గుండు కొంచెం లావుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక ఉక్కు దిమ్మకు నున్నటి రంధ్రం ఉంటుంది. దానిలోంచి నెడితే గుండ్లన్నీ ఒకే కొలతకు వస్తాయి. ఆ దిమ్మను డై అంటారు. అన్న తుపాకి మీద చెక్కి ఉన్న నంబరు రాసి పంపి మద్రాసు నుంచి తెప్పించాడు.

ఆ డైలోంచి తీసిన గుండ్లు గురికి తగల్లేదు. పందులు చావలేదు, గాయపడ్డాయి. దవడ ఎగిరిపోయిన ఆడపంది ఒకటి మూడు రోజులు వంకలో పడి అరిచింది. అన్న దిగనివ్వలేదు, ఒక తూటా దండగ అన్నాడు. నేనూ దిగలేదు. మూడో రోజు అన్నం పెడుతూ నా భార్య అంది: "మా నాయనైతే మొదటి దినమే దిగి ఉంటాడు. కొట్టినోడే సంపాల."

ఆమెది నందికొట్కూరు అవతల, అడవి అంచు ఊరు. మామకు మగపిల్లలు లేరు. తుపాకి పని అంతా కూతురికి నేర్పాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ సంగతి నేను ఏనాడూ అడగలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య బావగారి ఎదుటికి రాకూడదు, ఆమె గొంతు ఆయన చెవిన పడకూడదు. చెప్పవలసింది ఉంటే తలుపు వెనక నిలబడి నాతో చెబుతుంది. నేను నడవలోకి వచ్చి నా మాటగా అన్నతో చెబుతాను. మా వైపు చాలా ఇళ్ళలో ఇంతే. తప్పని మాలో ఎవరికీ తోచలేదు.

గురి కోసం కాల్చిన చెక్కను నేను ఇంట్లోకి తెచ్చాను. ఆమె చిల్లుల మీద వేలు పెట్టి చూసింది. గుండ్రంగా లేవు, కత్తి గాట్లలా పొడుగ్గా ఉన్నాయి. "గుండు దొర్లుకుంటా పోతాంది. గొట్టానికి సాలట్లేదు, సన్నమైంది. నంబరు ఎందుకు సూస్తిరి? గొట్టం అరిగి ఎన్నేండ్లయిందో. గొట్టాన్నే అడగాల," అంది.

ఎలా అడగాలో చూపించింది. మెత్తని సీసం ముక్కకు నూనె రాసి, తుపాకి గొట్టంలోకి కట్టెతో కొట్టి, రెండో వైపు నుంచి బయటికి తీసింది. దాని మీద గొట్టం లోపలి కొలత అచ్చు పడింది. ఆ ముక్కను డై రంధ్రం మీద పెట్టింది. దిగలేదు. అంటే డై ఇరుకు. ఒక వెంట్రుక మందం పెద్దది చెయ్యాలి.

నేను నడవలోకి వెళ్ళి అన్నతో చెప్పాను. ఆ ఒక్కసారి మాత్రం ఆమె చెప్పిందనే చెప్పాను. అన్న నవ్వి, తలుపు వినేటట్టు అన్నాడు: "మీ ఆమెకు చెప్పురా, రొట్టెలు గుండ్రంగా కాల్చుకోమని. అదైనా వస్తాందేమో సూద్దాం." నేను ఇంకోసారి అడిగాను. అప్పుడు నవ్వలేదు. "సరే, చెయ్యనీ. ఒకసారి పెద్దదైన బొక్క మళ్ళా చిన్నది కాదు. చెడిందంటే నందికొట్కూరు బస్సు ఎక్కిస్తా. ఆరేండ్లు సూసినా. మన పెద్దమ్మ కూతురి బిడ్డ ఉండనే ఉండాది."

అది బెదిరింపు కాదు. రెండో సంబంధం మాట ఏడాదిగా నలుగుతోంది. ఆయనకు కావలసింది ఒక సాకు. నేను లోపలికి వచ్చేసరికి ఆమె టేకు కర్రను చాకుతో సన్నగా చెక్కుతోంది. వినలేదేమో అనుకున్నాను. "వింటి," అంది, తల ఎత్తకుండా.

తొమ్మిది రోజులు పట్టింది. కర్ర కొనను చీల్చి, గుడ్డ చుట్టి, ఉక్కును అరగదీసే ఎమరీ పొడిని ఆముదంలో కలిపి పూసి డైలో తిప్పేది. నూరు తిప్పుళ్ళకు ఒకసారి డైని తిరగేసేది, ఒక వైపే మూతి వెడల్పు కాకుండా. తుడిచి సీసం ముక్క పెట్టి చూసేది. ఐదో రోజు నేను తొందరపడి, ఇంకొంచెం గట్టిగా తిప్పరాదా అన్నాను. "మీరు పొయ్యేది లేదు కదా పుట్టింటికి," అంది. నాతో కటువుగా మాట్లాడింది అప్పుడే. అరచేతుల్లో బొబ్బలు చితికాయి. వడ్డించేటప్పుడు చెయ్యి కొంగులో దాచుకునేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచింది. ముక్కను రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కితే జారింది. వేలు తీస్తే ఆగింది. "నొక్కితే పోవాల, వదిలితే పడగూడదు. మా నాయన లెక్క," అంది. ఆరోజు ఆమె వంట చేయలేదు. గోడకు ఆనుకొని కూర్చుంది.

మర్నాడు పొద్దున అన్న పదిమందిని పిలిచి చేను గట్టున చెక్క పెట్టి కాల్చాడు. ఐదు గుండ్లు, ఐదూ గుండ్రటి చిల్లులు, పిడికిలి కప్పేంత చోటులో. అన్న నా భుజం తట్టి అందరితో అన్నాడు: "కాలేజీకి పొయ్యింది ఊరికే కాదప్పా. మావాడు గొట్టం కొలిచినాడు." అందరూ నా వైపు చూశారు. నేను నవ్వాను. అంతే నేను చేసిన పని.

ఇంటికి వచ్చాక ఆమె మజ్జిగ ఇచ్చి, ఎవరన్నా ఏమన్నా అడిగారా అంది. ఈసారి చెబుతాలే అన్నాను. "ఈసారంటే ఇంకో డై కావాల కదా," అంది. నవ్వుతోందో లేదో నేను చూడలేదు.

డైలకు కొరత రాలేదు. కర్నూలు రాజధాని అయిన ఏళ్ళలో వేట సరదా ఉన్న ఆఫీసర్లు వచ్చారు. ఎర్రగుంట్ల నుంచి, కడప నుంచి మనుషులు వచ్చారు. నడవలో కూర్చోబెట్టి డై అందుకునేవాణ్ణి నేను. తలుపు వెనక అందుకునేది ఆమె. తుపాకి కొలత తేకుండా ఉత్త డై తెచ్చినవాళ్ళను తిప్పి పంపించమనేది. "కాలు ఇంట్లో పెట్టొచ్చి చెప్పులు కొంటామంటే ఎట్ల?" ఈ మాట నేను నడవలో చెబితే అందరూ నవ్వేవారు. నా మాట చమత్కారంగా ఉంటుందని పేరు కూడా వచ్చింది.

పుట్టింటికి ఆమెను పంపలేదు. ఆ తొమ్మిది రోజులతో అంత మాత్రం సంపాదించుకుంది. అన్న మాత్రం ఆమెను చివరిదాకా గొడ్రాలనే అన్నాడు, తలుపు వినేటట్టే.

పోయిన నెల ఒక ఆఫీసరు డై ఇచ్చాడు. రెండు రోజుల్లో ఇస్తానని మాట ఇచ్చాను. ఆమెకు అప్పటికే జ్వరం. నేను డైని మంచం మీద పెట్టాను. అడగలేదు, పెట్టాను. ఆమె దాని వైపు చూసి, లేచి కూర్చొని, కర్ర అందుకుంది. ఇంత చదువుకున్నవాణ్ణి, ఆ కర్ర తిప్పడం నేర్చుకోలేదు. ఆ డై బాగా కుదిరిందట.

కర్మలు అయిన మర్నాడు ఎర్రగుంట్ల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డై, సీసం ముక్క రెండూ తెచ్చాడు. మావాడు చేస్తాడు, కూర్చో అప్పా అన్నాడు అన్న. నేను అన్న ఎదుటే అన్నాను: "నాకు చేతకాదు. మొదటి నుంచీ చేసింది నా భార్య. ఒక్కటి కూడా నేను చెయ్యలేదు."

అన్న ముఖం తిప్పుకొని, "మనసు బాగలేదు వానికి. నెల పోయినాక రా అప్పా," అన్నాడు. పెద్దాయన లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "పెండ్లాం మీద ఇంత ప్రేమ ఉండే మొగోణ్ణి నేను సూడలేదు సామీ. సేసిందంతా ఆమె ఖాతాలో ఏస్తాండావు," అన్నాడు. కాదని మళ్ళీ చెప్పాను. తల ఊపాడు.

డైని తువ్వాలు కొసన ముడి వేసుకొని నాపరాళ్ళ దారిన బస్సుకు నడిచాడు. అరుగు మీద నుంచి చూస్తూ ఉన్నాను. మలుపులో ఎవరో ఎదురైతే ఆగి, మా ఇంటి వైపు చెయ్యి చూపి ఏదో చెప్పాడు. ఆ మనిషి తలపాగా తీశాడు. ఇద్దరూ ఎండలో కాసేపు నా కోసం తల వంచి నిలబడ్డారు.