అంకుడు చెట్టు ముందు మాస్టారు

ముప్పై ఏళ్లు అనకాపల్లిలో వృక్షశాస్త్రం చెప్పాను. చెప్పాను అంటే నల్లబల్ల మీద చెప్పాను. ఆకు బొమ్మ, పువ్వు నిలువుకోత బొమ్మ కళ్లు మూసుకుని వేసేవాణ్ణి. పిల్లల్ని ఒక్క చెట్టు దగ్గరికైనా తీసుకెళ్లిన పాపాన పోలేదు. ఎండగా ఉందనో, పీరియడ్ సరిపోదనో సాకులు చెప్పుకునేవాణ్ణి.

రిటైరయ్యాక, రెండువేల ఆరు వేసవిలో, దేవరాపల్లి అవతల కొండల కింద మూడు రోజుల శిబిరం పెడుతున్నారని తెలిసింది. తాతలూ అమ్మమ్మలూ మనవలతో కలిసి వచ్చి, చెట్లూ పిట్టలూ చూసి నేర్చుకోవాలట. సెలవులకి మా ఇంటికొచ్చిన తొమ్మిదేళ్ల మనవరాలు "మా తాతయ్యకి అన్ని చెట్లూ తెలుసు" అని అప్పటికే వీధంతా చాటింపు వేసింది. ఆ మాట దానికి నేర్పింది నేనే.

మా ఆవిడ నవ్వింది. "బజారుకెళ్లి మెంతికూర తెమ్మంటే గోంగూర తెచ్చిన మనిషి, అడవికెళ్లి ఏటి చెప్తారు?"

"కూరలు వేరు, సబ్జెక్టు వేరు" అన్నాను గంభీరంగా.

శిబిరం ఆఖరి రోజున పిల్లలు ఒక్కొక్కరూ లేచి, తమ పెద్దవాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నారో అందరి ముందూ చెప్పాలి. ఆ సంగతి వినగానే ఛాతీ ఉబ్బిపోయింది. మొదటి రోజే మనవరాలి చేత నోట్సు రాయించడం మొదలుపెట్టాను. కనపడ్డ చెట్టుకల్లా ఓ లాటిన్ పేరు. పేర్లన్నీ నిజమైనవే. చెట్లే కాస్త అటూ ఇటూ అయ్యుంటాయి.

రెండో రోజు, కొండ మీద పొలం చేసుకునే ఒకావిడ మమ్మల్ని అడవి అంచుకి తీసుకెళ్లింది. "ఏటికొప్పాక బొమ్మలు సేసే అంకుడు సెట్టు ఇక్కడుంది. ఎవులైనా సూపించండి" అంది.

అంకుడు! నేను ఏటేటా పరీక్షలో ఇచ్చిన ప్రశ్న. అందరికన్నా ముందు వెళ్లి ఓ చెట్టు మీద చెయ్యి వేసి పది నిమిషాలు మాట్లాడాను. కర్ర మెత్తదనం, లక్క రంగు పట్టే తీరు, ఏ కుటుంబం, ఏ ప్రజాతి, ఏదీ వదల్లేదు.

ఆవిడ ఓపిగ్గా విని, "అన్నీ బాగా సెప్పేరు మాస్టారూ. మీరు సెయ్యేసింది కానుగ" అంది.

కానుగ! మా బడి గేటు పక్కనుండేది కూడా కానుగే. ఏళ్ల తరబడి దాని నీడలోనే నా స్కూటరు పెట్టుకున్నాను. "ఈ చెట్టు సరిగ్గా ఎదగలేదు, అందుకే పోలిక తెలియడం లేదు" అని తప్పంతా చెట్టు మీదికి తోశాను.

ఆవిడ నా మనవరాల్ని పిలిచి, నాలుగడుగుల అవతలున్న చెట్టు ఆకు తుంపమంది. తొడిమ దగ్గర తెల్లటి పాలు బొట్టుకట్టాయి. "పాలు రావాల. కాయలు జంటగా ఏలాడాల. అదీ అంకుడంటే." పిల్ల ఆ పాలబొట్టు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నోట్సు పుస్తకం మూసేసింది.

ఆ సాయంత్రం నాతో మామూలుగానే మాట్లాడింది కానీ, ఒక్క చెట్టు పేరూ అడగలేదు. నాకు భయం వేసింది. ఇన్‌స్పెక్టరు క్లాసుకొచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు. రేపు లేచి ఏం చెబుతుంది? తాతగా ప్రేమిస్తుంది, సరే. తెలిసినవాడిగా చూడటం మానేస్తే, దానికివ్వడానికి నా దగ్గర ఇంకేముంది?

మర్నాడు దాని వంతు వచ్చింది. "మా తాతయ్యకి అంకుడు చెట్టు తెలీదు" అంది గట్టిగా. నేను తలొంచుకుని నా చెప్పులు చూసుకున్నాను. "నిన్న పాలు చూపించాను. ఇప్పుడు తెలుసు. కావాలంటే అడుగుతాను." రెండు కొమ్మలు తెచ్చి నా ముందు పట్టుకుంది. "ఏది అంకుడు?"

అందరూ నన్నే చూస్తున్నారు. లేచి నిలబడ్డాను. ఈ కొమ్మదో ఆకు, ఆ కొమ్మదో ఆకు తుంపి చూసి, పాలొచ్చిన కొమ్మ మీద వేలు పెట్టి, "ఇదండీ" అన్నాను. నా మనవరాల్ని అండీ అన్నానని కూడా అప్పుడు తోచలేదు.

"కరెక్ట్. కూర్చోండి తాతయ్యా" అంది, నా చెయ్యి పట్టుకుని.

ముప్పై ఏళ్లలో నేను ఒక్క పిల్లనీ అంత మెల్లగా కూర్చోమనలేదు.