ఈ రోజు బస్సు మా ఊళ్ళోకి వచ్చింది

మా ఊరు చాలా చిన్నది. దిగేవాళ్ళు పదిమందైనా ఉంటేనే ప్రైవేటు బస్సు లోపలికి వస్తుంది, లేకపోతే మెయిన్ రోడ్డు మీద మా ఊరి దారి చీలే క్రాసు దగ్గరే దించేస్తారు. ఈ సాయంత్రం పెనుకొండలో మా ఊరికి ఎక్కింది నేనూ, పక్కింటి అవ్వా మాత్రమే. మోకాలి వాపుతో అవ్వ క్రాసు నుంచి నడవలేదు. అందుకే సీటు సీటుకూ వెళ్ళి, "మా ఊరే అని చెయ్యెత్తండబ్బా" అని అందరినీ బతిమాలుకుంది. కండక్టరు అడగగానే బస్సంతా చేతులెత్తింది.

ఊళ్ళో ఇద్దరమే దిగాం.

"ఏమవ్వా, తక్కినోళ్ళు యాడ?" అన్నాడు కండక్టరు.

"వాళ్ళు నన్ను సాగనంపను వచ్చినారప్పా" అంది అవ్వ, తడుముకోకుండా.

బస్సంతా నవ్వింది. నిజంగానే మా ఊరికని చెయ్యెత్తిన నేను మాత్రం తల దించుకున్నాను. ఎందుకో నాకే అర్థం కావడం లేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి.