పట్టభద్రులకు మైకు కట్టిన రోజు

నేను పుట్టినప్పుడు జాతకం రాసినాయన "ఈ కుర్రాడు చాలా పైకొస్తాడు" అన్నాట్ట. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి టెంట్‌హౌస్‌లో చేరితే, మొదటి రోజే నిచ్చెన ఎక్కించి షామియానా తాళ్ళు కట్టమన్నారు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. అప్పట్నించీ నేను పైనే ఉన్నాను. సన్మానాలన్నీ కిందవాళ్ళకి జరుగుతున్నాయి.

కాబట్టి జ్యోతిషం మీద నాకు కోపం లేదు, అనుమానం ఉంది. కోపం వస్తే దూరంగా పోతాం. అనుమానం వస్తే దగ్గరికెళ్ళి మూత తీసి చూస్తాం. మా బావ ఎమ్మే జ్యోతిషం చదువుతున్నంత కాలం నేను చేసిన పని అదే.

బావ స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడిపేవాడు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, మా అప్పని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మాకు అప్ప అంటే అక్క. పెళ్ళయి అన్నేళ్ళైనా ఆయన మా మాటకి నవ్వేవాడు, మేం ఆయన మాటకి నవ్వేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటాక యూనివర్సిటీలో జ్యోతిషానికి కోర్సు పెడితే ఊళ్ళో టీ బడ్డీల దగ్గర పెద్ద రగడ. అది చదువే కాదని సైన్సు మేష్టార్లు, అదే అసలు చదువని శాస్త్రులుగార్లు. ఏ చదువూ లేనివాణ్ణి కాబట్టి ఇద్దరికీ తలూపాను. ఈ గొడవలో మా బావ చప్పుడు కాకుండా సీటు తెచ్చుకున్నాడు. పగలు ఇనుము ఎత్తి దించేవాడు, ఇంటికొచ్చి గ్రహాల్ని ఎత్తుకునేవాడు.

పరీక్షలయ్యాక ఒకరోజు అప్ప నన్ను పిలిపించింది. కాఫీ ఇవ్వకుండానే మొదలుపెట్టింది.

"సదువైపోనాది. ఇంక ఉజ్జోగం మానీసి బోర్డు కట్టీసుకుంటాడు. ఏటి సేత్తన్నాడో నువ్వు కనిపెట్టు."

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా వీఆరెస్సు మాటే. పోర్టులో చేసే మా పక్కింటాయన అది తీసుకుని ఫ్యాన్సీ షాపు పెట్టాడు, షాపు పోయాక రోజంతా అరుగు మీద కూర్చునేవాడు. బావ ఉద్యోగం వదిలితే ప్లాంటు క్వార్టరూ వదలాలి. ఆ క్వార్టరు వెనక అప్ప వేసుకున్న మునగచెట్లూ పోతాయి, పిల్లల బడీ మారుతుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా చిన్నవాళ్ళు.

"బావనే అడగొచ్చు గదే?" అన్నాను.

"అడిగినాను. మంచి రోజు సూసి సెప్తానన్నాడు."

అక్కణ్ణించి నా కళ్ళు బావ మీదే. సీతమ్మధారలో ఒక క్లినిక్కుకి కుర్చీలు దించి వస్తుంటే పక్కన ఖాళీ షాపు దగ్గర ఒక వీపు కనిపించింది. క్యాబిన్‌లో కూర్చుని కిందకి చూసి చూసి ముందుకు వంగిపోయిన వీపు. మా బావదే. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"ఏటి బావా, ఇక్కడ?"

"ఏం లేదురా. గాలి ఎలా వస్తుందో చూస్తున్నాను."

"మూసున్న షాపులోకి గాలెలాగొస్తాది?"

"అదే చూస్తున్నాను."

"ఈశాన్యం ఎటుందో కూడా సూసినావా?"

"నీ వెనకాలుంది. కొంచెం పక్కకి జరుగు."

తర్వాత అడక్కుండానే టీ ఇప్పించాడు, సమోసా కూడా. మా బావ అడక్కుండా సమోసా ఇప్పించాడంటే కడుపులో ఏదో దాచుకున్నాడనే లెక్క. అప్పకి చెబితే ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆఖరికి చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మునగచెట్టు దగ్గరికెళ్ళి కాయలు కోయడం మొదలుపెట్టింది. లేతవీ ముదురువీ చూడకుండా కోసేసింది.

ఇంతలో ఫలితాలొచ్చాయి. మొదటి బ్యాచ్ కదా, సన్మానం ఘనంగా జరగాలన్నారు. ఎవరు చేస్తారు? ఎవరూ ముందుకి రాకపోతే తామే చేసుకుందామనుకున్నారు. వాళ్ళలో రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన పెద్దరికం పుచ్చుకున్నాడు. సీతమ్మధారలో ఒక ఖాళీ స్థలం, షామియానా నాది, మైకు నాది, అప్ప పట్టుబట్టి నాకిప్పించిన పని. ఎన్నింటికి కట్టాలో చెప్పండి చాలన్నాను. అదే నేను చేసిన తప్పు.

టైము అడగ్గానే అందరూ సంచుల్లోంచి పంచాంగాలు తీశారు. సగం మందివి పూర్వ పద్ధతి పంచాంగాలు, సగం మందివి దృగ్గణితం. సూర్యుడొక్కడే, చంద్రుడొక్కడే, లెక్కలు మాత్రం రెండు. ఒకాయన పుస్తకంలో వర్జ్యం అయిపోతుంటే ఇంకొకాయన పుస్తకంలో అప్పుడే మొదలవుతోంది. ఒకే మేష్టారి దగ్గర, ఒకే బెంచీ మీద చదివినవాళ్ళు. టీలు చల్లారిపోయాయి. చివరికి సాయంత్రమైతే రెండు పుస్తకాలకీ పేచీ లేదని తేలింది.

అప్పుడు లేచాడు మా బావ.

"సాయంత్రం వద్దండి. పొద్దున్నే పెట్టేద్దాం. లగ్నం బలంగా ఉంది. భోజనాల వేళకి ముగించేయాలి."

ఎవరేం చెప్పినా ఆ ఒక్క మాటే పట్టుకు కూర్చుని, ఆఖరికి పొద్దుటికే ఒప్పించాడు. నాకు అనుమానం ముదిరింది. ఫిషింగ్ హార్బర్‌లో కొత్త బోటు దించే పూజలకి మైకు కట్టినవాణ్ణి నేను. అక్కడ సముద్రం ఒప్పుకున్నాకే పంచాంగం ఒప్పుకుంటుంది, పోటు చూసుకుని ముహూర్తం పెడతారు. ఈయన బలమైన లగ్నం వెనకాల ఏ పోటు ఉందో మరి.

బ్యానరు దగ్గర ఇంకో తంటా. పెయింటరు చేత "జ్యోతిష్యం మొదటి పట్టభద్రుల సన్మాన సభ" అని రాయించాను. హెడ్మాస్టరు చూసి నొసలు ముడేశాడు.

"జ్యోతిష్యం ఏంటయ్యా? జ్యోతిషం. ఆ య-వత్తు తీసేయించు."

య-వత్తు మీద తెల్లరంగు పూయించాం. ఎండ తగిలేసరికి అది మళ్ళీ తేలి, పాము తోకలా కనబడుతోంది. ఆయన దాన్నే చూస్తుంటే, మాట మళ్ళించడానికి, "పట్టభద్రులంటే భద్ర పట్టినోళ్ళాండీ?" అని అడిగాను. పంచాంగంలో భద్ర ఉన్న వేళ మంచి పని ముట్టుకోరు కదా. మా బావ ఫక్కుమని నవ్వి, హెడ్మాస్టరు మొహం చూసి ఆపేశాడు. నవ్వు కూడా వేళ చూసుకుని నవ్వుతున్నాడనుకున్నాను.

సభ రోజు పొద్దున్నే వేదిక మెట్ల పక్క వైరు లాగుతున్నాను. దీపం వెలిగించే చోటు కాబట్టి అందరూ చెప్పులు కిందే విడిచారు. కిర్రుచెప్పులు, రబ్బరు చెప్పులు, వాటి మధ్య ఇనప ముక్కున్న ప్లాంటు బూట్లు ఒక జత, మేజోళ్ళు లోపలికి కుక్కి. పైన చూస్తే బావ పట్టుపంచె, కండువా, నుదుట విభూతి. పట్టుపంచె కింద బూట్లేసుకుని ఎవడొస్తాడు? ఉద్యోగం వదిలి వెళ్ళిపోయేవాళ్ళు స్టోర్సులో సామాను అప్పజెప్పి వస్తారని విన్నాను. ఇవాళ సభయ్యాక అప్పజెప్పేస్తాడు కాబోలు. ముందు వరసలో అప్ప. వేదిక వైపు చూడటం లేదు, నన్నే చూస్తోంది. నేను ఆంప్లిఫయరు మీటలు తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.

దీపం వెలిగింది. హెడ్మాస్టరు మైకు పట్టుకున్నాడు.

"మన మొదటి బ్యాచ్ ఇక్కడితో ఆగదు. సీతమ్మధారలో ఒక కేంద్రం తెరుస్తున్నాం. అందులో పూర్తికాలం కూర్చోవడానికి మన మిత్రులొకరు బంగారం లాంటి స్టీల్ ప్లాంట్ ఉద్యోగాన్నే త్యా..."

త్యా దగ్గర నేను వైరు పీకేశాను.

ఆలోచించి చేసింది కాదు. అప్ప మొహం చూశాను, చెయ్యి వెళ్ళిపోయింది. "కరెంటు పోనాదండీ, ఒక్క నిమిషం" అని అరిచాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అది నేను చూసుకోలేదు, జనం చూసుకున్నారు.

బావ లేచి నిలబడ్డాడు. మిల్లు చప్పుడు మీదుగా కిందవాళ్ళకి వినబడేలా కేకేసే గొంతు అది, మైకుతో పని లేదు.

"మేష్టారూ, నేనేం త్యాగం చెయ్యట్లేదండి. షాపు చూసి పెట్టమన్నారు, మీకోసం చూసి పెట్టాను. కూర్చుంటానని ఎప్పుడన్నాను? నాకు బీ షిఫ్టుందండి. బూట్లు కిందే ఉన్నాయి. ఆ శాలువా ఏదో కప్పేస్తే బస్సెక్కుతాను."

బలమైన లగ్నం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. బీ షిఫ్టు మధ్యాహ్నం మొదలు.

హెడ్మాస్టరు మొహం చిన్నబోయింది. "మరి ఇంత కష్టపడి ఎందుకు చదివావయ్యా?"

"మా షిఫ్టులో అందరూ నన్నే అడుగుతారండి. తోచింది చెప్పేవాణ్ణి. ఒకడు నా మాట పట్టుకుని ఇంటి శంకుస్థాపనే ఆపేసుకున్నాడు. భయమేసి చదివాను."

"ఇప్పుడేం చెబుతున్నావు?"

"లీవు దొరికిన రోజే మంచి రోజని చెబుతున్నానండి."

సగం మంది నవ్వారు, సగం మంది పంచాంగాలు సంచుల్లో పెట్టేసుకున్నారు. అప్ప నవ్వలేదు. చెంగుతో మెడ తుడుచుకుని, పక్కావిడని భోజనంలో ఏం వండించారో అడిగింది. చాలా రోజుల తర్వాత ఆమె నోట తిండి మాట విన్నాను.

షామియానా చాటున బావ పంచె మార్చుకుంటుంటే నేను గుడ్డ అడ్డం పట్టాను. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం లేదు. వేరేవాళ్ళ షాపుకి అంత శ్రద్ధగా ఈశాన్యం చూసే మనిషి లోకంలో ఉంటాడా? అప్పతో మాత్రం ఆ మాట అనలేదు. బావని బండి వెనక ఎక్కించుకుని షిఫ్టు బస్సు ఆగే చోటికి తీసుకెళ్ళాను. ఒళ్ళో శాలువా, కాళ్ళకి బూట్లు. దిగుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఒక్కటి సెప్పు బావా. ఇన్ని గ్రహాలు సదివీసినావు, నాను వైరు పీకుతానని ముందే తెలీలేదేటి?"

"తెలిసిందిరా. అందుకే నిన్ను పిలవొద్దన్నాను. మీ అక్క వినలేదు."