బొటనవేలి వైపు సీటు

ఒక గిటారు పాట కోసం చంటిపిల్లని ఎత్తుకుని బొబ్బిలి నుంచి విశాఖపట్నం వెళ్లానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు.

అక్కడ వన్ టౌన్‌లో కరీం మాస్టారని ఒక పెద్దాయన జాలరుల పడవపాటను గిటారు మీద వాయిస్తారు. చదువుకునే రోజుల్లో గిటారు నేర్చుకున్న నాకు ఆ పాట క్యాసెట్టు ఏడాదిగా నిద్ర లేకుండా చేసింది. పైన పాట, కింద లావు తీగల మీద మరో నడక. "ఇద్దరు వాయిస్తన్నారే. ఒక్క మనిషి వల్ల ఏటవుద్ది?" అంటారు మా ఆయన. పాట వరకు పట్టుకున్నాను. కింది నడక కలపగానే రెండూ చెడేవి. మాస్టారి చేతులు కళ్లారా చూసినా రాకపోతే గిటారు తమ్ముడికి ఇచ్చేస్తానని మాటిచ్చాను. వాడు అప్పుడే దానికో గుడ్డ సంచి కుట్టించేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్న పాసింజరు ఎక్కాం. పాపకి పది నెలలు. పాలసీసాలు, ఫ్లాస్కులో వేడినీళ్లు, జ్వరం మందు, అన్నీ సంచిలో ఉన్నాయి. అయినా మాటిమాటికీ పాప నుదురు ముట్టుకుంటూనే ఉన్నాను.

"పిల్ల బాగానే ఉందమ్మా. నీకే సెమటలు పడతన్నాయి," అన్నాడు ఎదురు సీట్లో ఆయన. స్టీల్ ప్లాంటు పనికి కూర్మన్నపాలెం వెళ్తున్నాడట. "ఊళ్లో ఏటి పని?"

"గిటారు కచేరీ ఉంది."

"పాట కోసం ఎల్తన్నావా! నాను మా యావిడ్ని సినిమాకి తీసుకెల్లి రెండేళ్లయింది," అన్నాడు.

విశాఖలో వాల్తేరు స్టేషన్లో దిగేసరికి ఒంటిగంట. ఆడవాళ్ల వెయిటింగ్ రూములో పాపకి పాలు పట్టి, ఎదురు హోటల్లో పెరుగన్నం తిని రిక్షా ఎక్కాను. పాత ఊరి సందులు అటూ ఇటూ ఒరుసుకుంటూ జరిగిపోయాయి. మిరపకాయల బస్తాలు, తాళ్ల దుకాణాలు, మేడల వెనక ఒక ఓడ పొగగొట్టం. ఇళ్ల మధ్య నుంచి ఓడ తేలిపోతున్నట్టే ఉంది. కదులుతున్నది మేమే.

కచేరీ ఒక బడి హాల్లో, నాలుగింటికి. హాలు మధ్య తాడు కట్టారు. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. వేదిక మీది కుర్చీ కుడివైపుకి తిరిగి ఉంది. ఎడమవైపు నుంచి చూస్తే మాస్టారి ముంజేయి అడ్డొచ్చి వేళ్లు కనపడవు.

"అటు కూర్చోనివ్వండి, చూసి నేర్చుకోవాలి," అని తాడు దగ్గరున్నాయన్ని బతిమాలాను.

"నేర్సుకోడానికి సెవులు సాలవేటమ్మా?"

పాపని భుజాన వేసుకుని ఇటు తిరిగాను. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, "రా బేటీ, ఇక్కడ ఫ్యాను గాలొస్తది," అని కుర్చీ జరిపింది. మాస్టారి భార్య. నా గోడు విని కిసుక్కున నవ్వింది. "పెళ్లయిన కాడ్నించీ నా కుర్చీ ఇదే. ఆయన వేళ్లు నేనూ సూడలేదు. ఆ బొటనవేలొక్కటే కనపడతది."

పడవపాట మొదలైంది. నిజంగానే బొటనవేలొక్కటే కనిపించింది. సాయంత్రపు ఎండ, సముద్రపు గాలి, ఒళ్లో పాప బరువు; హాలంతా మెల్లగా ఊగుతున్నట్టుంది. దూరంగా ఓడ కూసింది. పాట ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగింది. బొటనవేలు ఆగలేదు. ఒక లావు తీగ, దాని పక్కది, మళ్లీ మొదటిది. పాట ఎటు పోయినా అది మాత్రం తెడ్డులా అదే నడక. ఇన్నాళ్లూ నేను దాన్ని పాట వెంట పరిగెత్తించాను!

వేళ్లు కూడా కనిపించి ఉంటే నా చూపంతా వాటి మీదే ఉండేది. పాట అయ్యేవరకు ఆ నడకను పాప వీపు మీద తడుతూ కూర్చున్నాను. పాప నిద్రపోయింది.

వెళ్లదలచినవాళ్లకు ఒక్క మాట. వన్ టౌన్‌లో సాయంత్రం రిక్షాలు తొందరగా దొరకవు. కచేరీ కాగానే బయల్దేరండి. నేను పరిగెత్తి ఆరున్నర బండి అందుకున్నాను.

రైలుపెట్టెలో ఖాళీ చేపల బుట్టతో ఇంటికెళ్తున్న ముసలమ్మ, పాప వీపు మీద ఇంకా ఆడుతున్న నా చెయ్యి చూసి, "జోకొడతన్నావా, పిండి పిసుకుతన్నావా?" అంది.

"ఆపితే మర్చిపోతానమ్మా."

"అయితే కానీ. పిల్ల నెగిస్తే ఏటి సేత్తావ్?"

విజయనగరం దాటాక లేవనే లేచింది, ఆకలికి గుక్కపట్టింది. నడక పోయినట్టే అనుకున్నాను. పాపని ఒడిలో వేసుకుని ఎడమచేత్తో సీసా పట్టి, చీకట్లో పోతున్న దీపాలు చూపిస్తూ కబుర్లు చెప్పాను. పాలు సగమయ్యాక చూసుకుంటే, నా కుడి బొటనవేలు సీటు చెక్క మీద తన దారిన తాను నడుస్తోంది. దాని సంగతే మరిచిపోయాను. గిటారు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పాప సీసా వదిలి, కదులుతున్న ఆ వేలిని పట్టుకోబోయింది. పట్టుకోనిచ్చాను.