బావిలో వినిపించిన లెక్క

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ధైర్యవంతుణ్ణని కాదు, నా పని అలాంటిది. ఆదోనిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ను. పదహారేళ్ళుగా నాకు ఒకటే నియమం. ఫిల్ము మీద పడితే ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. నిరుడు జరిగినదాన్ని కూడా అలాగే చూద్దామని చాలా ప్రయత్నించాను.

షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది, పరుగుకు సైకిలు తోడైంది. చివరికి ట్రయథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేసే పోటీ అది. తెల్లవారుతుండగా నేను పరిగెత్తుతుంటే మా వీధిలో టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళు "ఎవురు తరుముకుంటాండారు రఫీ అన్నా?" అని నవ్వేవాళ్ళు.

దూరం పరిగెత్తేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఇరవై కిలోమీటర్లు దాటాక మనసు మన మాట వినదు. లేని కుక్క మొరుగుతుంది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. నాకూ అయింది. ఒంట్లో ఉప్పు తగ్గితే అలా అవుతుందని తెలుసు, పట్టించుకోను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది అలాంటిది కాదు.

నాకు ఇబ్బందల్లా ఈతతోనే. ప్రాక్టీసుకు చోటు లేదు. నాతో సైకిలు తొక్కే ఈరన్న తమ పొలంలో బావి ఉందన్నాడు. వాళ్ళది ఎమ్మిగనూరు రోడ్డు మీది ఒక ఊరు. పేరు రాయను. పెద్ద చదరపు బావి, కిందిదాకా రాతిమెట్లు. పక్కన కాలువ ఉండడంతో ఎండాకాలంలోనూ నిండా నీళ్ళే. ఈ గోడ నుంచి ఆ గోడకు పదిహేను మీటర్లు. పోయి వస్తే ఒక రౌండు. యాభై రౌండ్లు కొడితే పోటీకి కావలసిన కిలోమీటరున్నర పూర్తవుతుంది.

ఒక ఆదివారం ఉదయం ఏడున్నరకు ఆ బావిలో దిగాను. ఎండ అప్పటికే నీళ్ళ మీదికి దిగింది. నిద్ర బాగా పట్టింది, కడుపులో రెండు అరటిపళ్ళు ఉన్నాయి, అలసట లేదు. ఈరన్న పైన మోటారు షెడ్డు దగ్గర తన సైకిలు చైను బాగు చేసుకుంటున్నాడు.

మొదటి రౌండు ముగించి గోడ తాకి తిరిగాను. తల నీళ్ళలోకి పోగానే ఒక మగ గొంతు స్పష్టంగా "లాభం" అంది.

రెండో రౌండు అయ్యాక "రెండు" అంది. ఆ తర్వాత "మూడు".

ఈరన్న మెట్ల మీద కూర్చుని నా కోసం లెక్కపెడుతున్నాడనుకున్నాను. నేను ఎప్పుడూ మధ్యలో లెక్క మరిచిపోతానని అతనికి తెలుసు. మంచి పనే చేశాడనుకుని ఈదుతూ పోయాను. ఒక్కటే వింతగా అనిపించింది. తల పైకెత్తి గాలి పీల్చుకునేటప్పుడు ఆ గొంతు లేదు. తల నీళ్ళలో ఉన్నప్పుడే ఉంది. తొందరలేని గొంతు, కాస్త బొంగురు. "యాభై" అనగానే ఆగి మెట్టు పట్టుకున్నాను. ఈతలో మలుపులు లెక్కించే చేతి వాచీ చూస్తే సరిగ్గా వంద సార్లు గోడ తాకినట్టు చూపించింది. నా మనసులోని లెక్క మాత్రం నలభై ఆరు దగ్గరే ఉంది.

మెట్ల మీద ఎవరూ లేరు.

తర్వాత వాళ్ళింట్లో బొరుగుల ఉగ్గాని తింటూ ఊరికే అడిగాను. "ఒకటి అనకుండా లాభం అంటావేందప్పా?"

ఈరన్న తలెత్తాడు. "నేనా? నేను యాడ లెక్కపెట్టినాన్నా? చైను ఏసుకుంటా షెడ్డు కాడే ఉంటి కదా."

పొయ్యి దగ్గర బజ్జీలు వేస్తున్న వాళ్ళమ్మ హనుమంతమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఎంత దాకా లెక్కపెట్టినాడప్పా?" అని అడిగింది.

ఎవరు అని అడగలేదు.

"యాభై దాకామ్మా."

"ముప్పై ఏడు కాడ నిలపలేదా?"

లేదన్నాను. ఆమె అప్పుడు చెప్పింది.

ఈరన్నకు నాలుగేళ్ళప్పుడు ఆ బావిలో నీళ్ళన్నీ తోడేసి పూడిక తీశారు. ఆమె భర్త అడుగున నిలబడి గంపలు నింపి తాడుకు కట్టేవాడు. పైన అందుకునేది ఆమె. ఆయన ఒక్కో గంపకు లెక్క చెప్పేవాడు. గింజలు కొలిచేవాళ్ళు మొదటి శేరును ఒకటి అనరట, లాభం అంటారట. ఆయనకు మట్టి గంపలకూ అదే అలవాటు.

"ముప్పై ఏడు అన్నాడు. గంప పైకొచ్చె. నేను మట్టి పారబోసి గంప దించితి. ముప్పై ఎనిమిది అంటాడని సూస్తాండాను. అంతలోనే గట్టు జారె."

ఈరన్న నోరు తెరుచుకుని వింటున్నాడు. నాయన బావిలో పోయాడని అతనికి తెలుసు. ఈ లెక్క సంగతి ఆమె ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట. ఆ తర్వాత ఆ బావి వైపు అడుగు పెట్టనూ లేదట.

నేను వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు. మా ఇంట్లో పొలం లేదు, మా నాన్న దర్జీ. ఒకటికి బదులు లాభం అనడం నా చిన్నతనంలో ఎప్పుడైనా విన్నానా అని అమ్మనడిగితే, ఆమెకే తెలియదంది.

మూడు రోజుల తర్వాత ఈరన్న ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ నిన్ను ఇంగోసారి ఈదమంటాంది. తానూ వస్తాదంట. మూడు దినాలుగా సరిగ్గా కూడు తినలేదన్నా."

కాదనలేకపోయాను. ఆ తర్వాతి ఆదివారం ముగ్గురం పోయాం. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని దిగి, నీళ్ళకు రెండు మెట్ల పైన కూర్చుంది. నేను నీళ్ళలోకి దిగాను. గోడ తాకిన ప్రతిసారీ ఆ గొంతు కోసం ఎదురుచూశాను. నా ఊపిరి, నీళ్ళ చప్పుడు, అంతే. ఇంకేమీ లేదు. వాచీ చూసుకుంటూ యాభై రౌండ్లు పూర్తి చేసి మెట్టు ఎక్కాను.

ఆమెకు ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ తలెత్తాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఈరన్న తనకేమీ వినిపించలేదన్నట్టు నాకు తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, అయిపోయింది. ఏమీ వినపడలేదమ్మా" అన్నాను.

ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"ఊరికే ఉండప్పా. ఇంగా సెప్తానే ఉండాడు."

నేను ఈత ఆపి అప్పటికి రెండు నిమిషాలైంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

ఆ తర్వాత నేను ఆ బావిలో దిగలేదు. పోటీలో వేరే ఊరి చెరువులో ఈది, కిందా మీదా పడి పూర్తి చేశాను. ఆ రోజు నాకు ఏమీ వినపడలేదు, అప్పటి నుంచి ఇప్పటిదాకా వినపడలేదు. జరిగిందేమిటో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పడం అబద్ధమవుతుంది.

హనుమంతమ్మ మాత్రం ఇప్పుడు రోజూ పొద్దున్నే బావి దగ్గరికి పోతోంది. మొదట్లో గంట కూర్చునేది. ఇప్పుడు మధ్యాహ్నమవుతోంది. పిలిస్తే, లెక్క తప్పిపోతుందని కసురుకుంటుందట. మొన్న ఈరన్న నేను పనిచేసే క్లినిక్‌కు వచ్చాడు. పోయేముందు అడిగాడు.

"నువ్వు ఆ పొద్దు ఈదకుంటే బాగుండునేమోన్నా?"