మూడో సూదికి అమలాపురం

మోకాలి ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి వదలనివాళ్లు రాజోలు నుంచి అమలాపురం వెళ్లాలంటే ఉదయం ఏడుంపావు బస్సు మంచిది. మెట్టు ఎత్తే గాని, ఖాళీగా వస్తుంది. మూడో సూది కోసం నేను వెళ్లింది అందులోనే.

నేను కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపు తీసేవాణ్ణి. నిరుడు వానలో చెట్టు మీంచి జారితే ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసి సరిచేశారు. నొప్పి మాత్రం పోలేదు. డాక్టరుగారు కీలులోకి రెండు సూదులు ఇచ్చారు. ఈలోగా తోట రైతుగారు "మోకాలు బాగుందా? సోమవారం దింపుకి వస్తావా?" అనడిగితే "ఆయ్" అనేశాను. చెట్టు మధ్యలో మోకాలు పట్టు తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా అన్నాను. బయలుదేరేముందు బందం కోసం, అంటే చెట్టెక్కేటప్పుడు పాదాలకు వేసుకునే తాడు కోసం, ఇల్లంతా వెతికాను. దొరకలేదు.

"ఎక్కడికి పోతుందండీ, ఉంటుందిలెండి" అంది మా ఆవిడ సత్యవేణి, తలెత్తకుండా.

తాటిపాకలో ఒక మామ్మగారు కర్ర పట్టుకుని ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆవిడవి రెండు మోకాళ్లూ అరిగాయట. వెళ్లేది కూడా మా డాక్టరుగారి దగ్గరికే. గన్నవరం అక్విడెక్టు మీద బస్సు నెమ్మదించింది. పక్కన కాలువ, కింద గోదావరి పాయ.

"సూది పనిచేసిందా మామ్మగారూ?" అన్నాను.

"ఎక్కడ బాబూ! ఒక్క పూటైనా లేదు."

"మరి డాక్టరుగారితో చెప్పేరా?"

"అయ్యబాబోయ్, మొహమ్మీద అలా ఎలా అంటామండీ? అంత చదువుకున్నాయన, చిన్నబుచ్చుకోరూ పాపం? బాగుందండీ అన్నాను."

పగలబడి నవ్వాను. అంబాజీపేట వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. అక్కడ నవ్వు ఆగిపోయింది. రెండు సూదుల తర్వాతా డాక్టరుగారితో నేనన్నదీ అదే కదా! సిగ్గేసింది.

ఎనిమిదీ ముప్పావుకి అమలాపురం. స్టాండు బయట పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, వేడిగా దొరుకుతాయి, ఆకు వాసనతో. రెండు తిని ఆస్పత్రికి నడిచాను. పదిన్నరకి పిలిచారు. పళ్లెంలో సూది సిద్ధంగా ఉంది.

"ఎలా ఉందయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"బాగుందండీ" నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తగ్గలేదండీ. మొదటిదానికి నాలుగు రోజులు తేలికపడింది. రెండోదానికి అదీ లేదు. మీతో అబద్ధం చెప్పేనండీ."

ఆయన కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. కాళ్లు రెండూ చాపించి, టేపుతో తొడలు కొలిచారు.

"చూడు, ఎడమ తొడ ఎంత సన్నబడిందో. కండ లేకపోతే మోకాలికి ఆసరా ఏది? నువ్వు బాగుందన్నావని ఇదే మళ్లీ ఇవ్వబోయాను. పదేపదే ఇస్తే కీలుకి మంచిది కాదు." పళ్లెం పక్కకి జరిపి, కసరత్తులు రాసిచ్చారు.

"మరి చెట్టండీ?"

"మూడు నెలలు ఇవి చేసి రా. ఎక్కగలవని ఇప్పుడు చెప్పలేను."

ఏడుపొచ్చినంత పనైంది. బయట బల్ల మీద మామ్మగారు కూర్చుని ఉంది. "నిజం చెప్పండి మామ్మగారూ, ఏమీ అనరు" అన్నాను. "ఆయ్" అంది. చెప్పిందో లేదో నాకు తెలియదు.

పన్నెండూ నలభైకి తిరుగు బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది, కాలు చాపుకోవచ్చు. రైతుగారికి ఫోన్ చేసి సోమవారం రాలేనన్నాను. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా, నువ్వు బాగుందంటేనే పిలిచేను" అన్నారు. మొత్తం మీద దారి బాగుంది, బస్సులూ వేళకే వచ్చాయి.

అక్విడెక్టు దాటాక సత్యవేణికి ఫోన్ చేశాను.

"సోమవారం వెళ్లడం లేదు. నెప్పి అసలు తగ్గనేలేదే."



"బందం బియ్యం డబ్బాలో ఉందండీ" అంది. "నేనే దాచేను. ఎక్కొద్దని మీ మొహమ్మీద అనలేక."